లేబర్ రూమ్ చూసి సీటు తీసుకో

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక దగ్గర. నాన్న స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యారు. నేను ఎంబీబీఎస్, హౌస్ సర్జెన్సీ పూర్తిచేశాను. హౌస్ సర్జెన్సీలో ఓబీజీ, అంటే ప్రసూతి, గైనిక్ విభాగంలో పోస్టింగ్ ఏడు వారాలు. ఆ ఏడు వారాలూ నైట్ డ్యూటీ ఎప్పుడు పడుతుందా అని ఎదురుచూసింది మా బ్యాచ్‌లో నేనొక్కదాన్నేనేమో. గైనిక్ తప్ప ఇంకేదీ వద్దని అప్పుడే అనుకున్నాను. పీజీ సీటు కోసం మొదటిసారి రాసిన నీట్ పీజీలో వచ్చిన ర్యాంకుకు గవర్నమెంటు కాలేజీలో గైనిక్ రాలేదు. ఫార్మకాలజీ వస్తుందన్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో రెండేళ్ల గైనిక్ డిప్లొమా కూడా వస్తుందన్నారు. రెండూ వదులుకున్నాను. ఇప్పుడు ఇంట్లో తలో మాట. ఫ్రెండ్స్ ఎయిమ్స్ లాంటి సంస్థల ఐఎన్ఐ సెట్ మీదే దృష్టి పెట్టమంటున్నారు. యూకేలో ఉన్న మా బావ అక్కడి గైనిక్ పరీక్ష ఎంఆర్‌సీఓజీ పార్ట్ 1 ఇప్పుడే రాసేయమంటాడు. ఇంకో ఫ్రెండ్ అమెరికా వెళ్లడానికి రాసే యూఎస్‌ఎంఎల్‌ఈ అంటోంది. పీహెచ్‌సీలో ఉద్యోగం చూసుకుంటే తర్వాత సర్వీస్ కోటాలో సీటు వస్తుందని నాన్న అంటారు. అమ్మకు నా పెళ్లి తప్ప వేరే ధ్యాస లేదు. ఓబీజీ నాలుగుసార్లు రివిజన్ చేశాను, అనాటమీ, బయోకెమిస్ట్రీ తెరిస్తే నిద్రొస్తోంది. టెన్షన్‌తో రోజుకు రెండు గంటలు కూడా చదవలేకపోతున్నాను. గైనకాలజిస్టు కావాలంటే నేను ఏ పరీక్ష ఎంచుకోవాలి?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: ముందు జవాబు చెప్పేస్తాను, కారణాలు తర్వాత. నీట్ పీజీ రాయి. అదే చదువుతో ఐఎన్ఐ సెట్ కూడా రాయి. ఎంఆర్‌సీఓజీ సంగతి సీట్లో చేరాక చూసుకోవచ్చు. యూఎస్‌ఎంఎల్‌ఈ గురించి నీ ఉత్తరంలో ఒక్క వాక్యమే ఉంది, అదీ ఫ్రెండ్ మాటగా. అమెరికాలో స్థిరపడాలని నీకే లేనప్పుడు దాని జోలికి పోనక్కర్లేదు. నా కూతురికన్నా చిన్నదానివి కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను, ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. పరీక్షల పేర్లు అన్నీ ఉన్నాయి. ఏ ఆస్పత్రిలో చేరి పని నేర్చుకోవాలనుకుంటున్నావో ఆ పేరు ఒక్కటీ లేదు. నైట్ డ్యూటీ కోసం ఎదురుచూసిన అమ్మాయి ఉత్తరంలో అది లేకపోవడం నాకు వింతగా తోచింది. పరీక్ష మూడు, మూడున్నర గంటల్లో అయిపోతుంది. తర్వాతి మూడేళ్లు ఎవరి లేబర్ రూమ్‌లో నిలబడతావన్నదాని మీదే నువ్వు ఎలాంటి డాక్టరువవుతావో ఆధారపడుతుంది. అందుకని పరీక్షల గురించి కాస్త తొందరగా చెప్పేసి, ఆ విషయం దగ్గర ఆగుతాను.

మా రోజుల్లో రాష్ట్రానికి విజయవాడ హెల్త్ యూనివర్సిటీ పెట్టే ఎంట్రన్స్ ఒకటి, ఎయిమ్స్ వాళ్లు పెట్టే ఆలిండియా ఎంట్రన్స్ ఒకటి, జిప్‌మర్‌కి వేరు, చండీగఢ్ పీజీఐకి వేరు. ప్రతిదానికీ డీడీ తీసి, అప్లికేషన్ పోస్టులో పంపి, రైలెక్కి వెళ్లి రాసేవాళ్లం. అప్పుడు నిజంగానే ఏ పరీక్ష అన్న ప్రశ్న ఉండేది. 2013 అడ్మిషన్లకు నీట్ పీజీ వచ్చింది, సుప్రీంకోర్టు తీర్పుతో మధ్యలో ఆగింది, 2017 నుంచి స్థిరపడింది. ఎయిమ్స్, జిప్‌మర్, పీజీఐ లాంటి సంస్థల పరీక్షలన్నీ కలిసి 2021 జనవరి బ్యాచ్ నుంచి ఐఎన్ఐ సెట్ అయ్యాయి. మన దేశంలో గైనిక్ చదవడానికి ఇప్పుడున్నవి ఈ రెండు దారులే. నీట్ పీజీ స్థానంలో నెక్స్ట్ అనే పరీక్ష వస్తుందని ఎవరైనా నిన్ను భయపెడితే పట్టించుకోకు. 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ (ఎన్ఎంసీ) చట్టంలో అది ఉన్న మాట నిజమే, 2023లో దాన్ని వాయిదా వేశారు. నోటిఫికేషన్ కళ్లతో చూసిన రోజు ఆలోచిద్దాం.

నీట్ పీజీని ముందు పెట్టమనడానికి కారణం, ఆ ఒక్క ర్యాంకుతో తెరుచుకునే తలుపులు ఎక్కువ. ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం ఆలిండియా కోటాగా కేంద్రం తరఫున కౌన్సెలింగ్ జరిపే ఎంసీసీ నింపుతుంది. మిగిలిన సగం, ప్రైవేటు కాలేజీల సీట్లు మన ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో వస్తాయి. గీతం లాంటి డీమ్డ్ యూనివర్సిటీలు, డీఎన్‌బీ (ఎక్కువగా ఆస్పత్రుల్లో చేసే పీజీ) ఆస్పత్రులు మళ్లీ ఎంసీసీ కిందే. నువ్వు వదులుకున్న రెండేళ్ల డిప్లొమా కూడా ఈ ర్యాంకుతో వచ్చిందే కదా. 200 ప్రశ్నలు, 800 మార్కులు, మూడున్నర గంటలు, తప్పుకు ఒక మార్కు కోత అన్నది నీకు తెలిసిందే. 2024 నుంచి మాత్రం పేపర్‌ను 40 ప్రశ్నల చొప్పున ఐదు భాగాలు చేసి, ఒక్కోదానికి 42 నిమిషాలే ఇస్తున్నారు. టైమ్ అయిపోతే ఆ భాగం మూసుకుపోతుంది, వెనక్కి వెళ్లడం కుదరదు. కష్టమైనవి వదిలేసి చివర్లో చూద్దామనే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. గ్రాండ్ టెస్టులు, అంటే నమూనా పరీక్షలు కూడా అలా గడియారం పెట్టుకొనే రాయి.

ఓబీజీ నాలుగుసార్లు రివిజన్ చేశానని గర్వంగా రాశావు. తిడుతున్నాననుకోకు గానీ, ఆ నాలుగో రివిజన్ చదువు కాదమ్మా, సరదా. ఇష్టమైన కూరే మళ్లీ మళ్లీ వడ్డించుకోవడం. పరీక్ష 19 సబ్జెక్టుల్లోనూ ఉంటుంది. గైనిక్‌లో నీకు ఇక పెరిగే మార్కులు రెండో మూడో. నిద్రొస్తున్న బయోకెమిస్ట్రీలోనూ, అనాటమీలోనూ, పీఎస్ఎం (సామాజిక వైద్యం)లోనూ పదుల మార్కులు పోతున్నాయి. పోయినసారి ర్యాంకు అక్కడే జారిందని నా అనుమానం. నీ పాత టెస్టులు తీసి సబ్జెక్టువారీగా తప్పులు లెక్కపెట్టు, నా అనుమానం నిజమో కాదో గంటలో తేలిపోతుంది. టెన్షన్‌కి కూడా సగం మందు అదే. ఎక్కడ పోతున్నాయో తెలియనప్పుడే భయం ఎక్కువ.

ఇక ఐఎన్ఐ సెట్. ఢిల్లీ ఎయిమ్స్ ఏడాదికి రెండుసార్లు పెడుతుంది, సాధారణంగా మేలో ఒకటి, నవంబరులో ఒకటి. మూడు గంటలు, 200 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు కోత. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లు మనకు దగ్గర. పుదుచ్చేరి జిప్‌మర్, చండీగఢ్ పీజీఐల పేరు వేరే చెప్పాలా. కానీ ఇక్కడ రాష్ట్ర కోటా అంటూ లేదు, దేశమంతటితో పోటీ, గైనిక్ సీట్లు చాలా తక్కువ. దీని మీదే దృష్టి పెట్టమన్న నీ ఫ్రెండ్స్ మాట అందుకే నాకు నచ్చలేదు. ఇది అదనపు అవకాశంగానే ఉండాలి. 2024, 2025 రెండేళ్లూ నీట్ పీజీ ఆగస్టులో జరిగింది. అలా జరిగిన ఏడాది, చదివింది ఇంకా వేడిగా ఉండగానే నవంబరు ఐఎన్ఐ సెట్ వస్తుంది. కొత్త పుస్తకం ఏదీ తెరవకుండా వెళ్లి రాసిరా. ఎక్కువ సరైన జవాబులున్న ప్రశ్నలు, వరసక్రమం పెట్టమనే ప్రశ్నలు అక్కడ ఎక్కువ. వాటి కోసం ఆఖరి నెలలో పాత పేపర్లు చూస్తే సరిపోతుంది.

దీనికి అప్లై చేసేముందు రెండు విషయాలు చూసుకో. ఒకటి, ఎంబీబీఎస్‌లో మొత్తం మీద 55 శాతం మార్కులు ఉండాలి, ఎస్సీ, ఎస్టీలకైతే 50. ఇంటర్న్‌షిప్ పూర్తయితే చాలనుకొని ఇది చూసుకోని పిల్లలు ప్రతి ఏడాదీ తగులుతారు. రెండోది మన ఉత్తరాంధ్ర వాళ్లకు మరీ ముఖ్యం. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రం దృష్టిలో ఓబీసీ అయిపోరు. ఇక్కడ బీసీ జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేని కులాలు మన పాత మూడు జిల్లాల్లోనే ఉన్నాయి. మీరు బీసీ అయితే కేంద్ర జాబితా తెరిచి చూసి, ఉంటేనే కేంద్ర నమూనాలో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ తీసుకో. ఎంసీసీ ఆలిండియా కోటాకూ ఇదే వర్తిస్తుంది. ఓసీ అయి ఈడబ్ల్యూఎస్ వర్తిస్తే అది కూడా ఆ ఆర్థిక సంవత్సరానిదే అడుగుతారు. తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరగడం కౌన్సెలింగ్ వారంలో పెట్టుకోకు.

మీ బావ మాట పూర్తిగా తప్పని నేననను. ఎంఆర్‌సీఓజీకి ప్రపంచంలో విలువ ఉంది, యూకేలో రిజిస్ట్రేషన్‌కి అది పనికొస్తుంది, గల్ఫ్‌లో కూడా అడుగుతారు. అయితే అది కోర్సు కాదు, పరీక్ష మాత్రమే. పార్ట్ 1లో వందేసి ప్రశ్నలతో రెండు పేపర్లు, చాలామటుకు మన ఫస్టియర్, సెకండియర్ సబ్జెక్టులే గైనిక్ కోణంలో అడుగుతారు. ఎంబీబీఎస్ అయ్యాక దాన్ని రాయొచ్చు. పార్ట్ 2కి వచ్చేసరికి ప్రసూతి, గైనిక్ విభాగాల్లో కొన్నేళ్లు పనిచేసి ఉండాలంటారు. పార్ట్ 3 పేషెంట్లతో మాట్లాడే తీరును, వైద్యం చేసే నేర్పును చూసేది. ఆ పని ఎక్కడ చేస్తావు? దానికి మళ్లీ ఇక్కడే సీటు కావాలి. సీటు లేకుండా పార్ట్ 1 రాయడమంటే, సంబంధం కుదరకుండానే కల్యాణ మండపానికి అడ్వాన్సు ఇచ్చి రావడం. ఫీజు పౌండ్లలో కట్టాలి, అది నాన్నగారి పెన్షన్ డబ్బు. పీజీ సెకండియర్‌లో ఉండి పార్ట్ 1 రాసినవాళ్లను చూశాను, వాళ్లకది పెద్ద బరువనిపించలేదు. రోజూ వార్డులో చూస్తున్నదే పేపర్లో కనిపిస్తుంది కనుక. యూకే వెళ్లి అక్కడి ట్రైనింగ్‌లోనే చేరాలనుంటే అది ఏడేళ్ల లెక్క, పోటీ కూడా గట్టిది. నీకు అంత దూరం మనసు ఉన్నట్టు ఉత్తరంలో కనపడలేదు.

అమెరికా గురించి రెండు ముక్కలు. అక్కడ గైనిక్ రెసిడెన్సీ నాలుగేళ్లు, బయటి దేశాల వాళ్లకు దొరకడం కష్టమైన బ్రాంచీల్లో అదొకటి. స్టెప్ 1 2022 నుంచి పాస్, ఫెయిల్ మాత్రమే అయ్యింది కాబట్టి మిగతా ప్రొఫైల్ అంతా లెక్కలోకొస్తుంది, దానికి ఏళ్లు పడుతుంది. ఇంతే.

నాన్నగారి మాటను మాత్రం తీసిపారేయకు. పీహెచ్‌సీ డాక్టర్లకు సర్వీస్ కోటా ఉంది, పాడేరు, అరకు వైపు రెండేళ్లు పనిచేసిన ఎంబీబీఎస్ డాక్టరుకు నొప్పులొచ్చిన మనిషిని చూడగానే ఏం చేయాలో తెలుస్తుంది. బీపీ ఆపరేటస్ ఒకటి, 108కి ఫోను ఒకటి పెట్టుకొని, డోలీలో మోసుకొచ్చిన గర్భిణిని కాపాడిన వాళ్లు నాకు తెలుసు. చిక్కల్లా ఆ కోటా స్థిరంగా ఉండకపోవడం. దాని శాతం, ఏ బ్రాంచీలకు ఎంత అన్నది ప్రభుత్వం మారుస్తూ వచ్చింది, దాని కోసమే పీహెచ్‌సీ డాక్టర్లు సమ్మెలు కూడా చేశారు. కాబట్టి దాన్నే నమ్ముకొని వెళ్లకు. ఈసారి కూడా గైనిక్ రాకపోతే, ఇంట్లో కూర్చొని మూడోసారి చదివేకన్నా ఉద్యోగం చేస్తూ చదవడం మంచిదని నా అభిప్రాయం. రెండేళ్లు వరసగా నాలుగు గోడల మధ్య ఉన్న పిల్లల మొహాలు నేను చూస్తూనే ఉన్నాను.

ఇప్పుడు అసలు సంగతి.

నేను పీజీలో చేరిన కొత్తలో ఒక రాత్రి ఏజెన్సీ నుంచి పంతొమ్మిదేళ్ల పిల్ల వచ్చింది. తొలిచూలు. ఒళ్లంతా నీరు, దారిలోనే రెండుసార్లు ఫిట్స్. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు దాన్ని. వెంట వచ్చిన తల్లికి తెలుగు రాదు, మాకు ఆమె భాష రాదు. మా సీనియర్ అక్క మెగ్నీషియం సల్ఫేట్ ఎక్కిస్తూనే నాతో, గంటగంటకీ మోకాలి మీద కొట్టి చూడు, మూత్రం ఎంతొచ్చిందో రాయి, ఊపిరి లెక్కపెట్టు అంది. తెల్లవార్లూ సుత్తి పట్టుకొని ఆ మంచం పక్కనే ఉన్నాను. ఆ డోసులు ఎంబీబీఎస్‌లో బట్టీపట్టినవే. అయినా ఆ రాత్రి తర్వాత మళ్లీ ఎప్పుడూ మర్చిపోలేదు. తల్లీబిడ్డా ఇద్దరూ బతికారు. వెళ్లేటప్పుడు ఆ పెద్దావిడ నా గడ్డం పట్టుకొని ఏదో అంది, ఏమందో ఇప్పటికీ తెలియదు.

అలాంటి రాత్రులు ఎక్కడ దొరుకుతాయో అక్కడ చేరు. మన ఊళ్లో 1923లో మొదలైన ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉంది, దానికి కేజీహెచ్ ఉంది, వన్‌టౌన్‌లో విక్టోరియా ఆస్పత్రి ఉంది. మన వాళ్ల నోట ఘోషాస్పత్రి. ఘోషా పాటించే ఆడవాళ్ల కోసం పెట్టింది కాబట్టి ఆ పేరు నిలిచిపోయింది. శ్రీకాకుళం నుంచి, విజయనగరం నుంచి, పాడేరు కొండల నుంచి, ఒడిశా సరిహద్దు నుంచి చెయ్యి దాటిన కేసులన్నీ ఆఖరికి చేరేది కేజీహెచ్‌కే. పీజీ కళ్లతో చూస్తే ఇంతకన్నా పెద్ద బడి లేదు. జనం కిక్కిరిసి ఉంటారు, నిద్ర ఉండదు, అది కూడా చెప్పాలి. అక్కడే గైనిక్ వస్తే రెండో ఆలోచన వద్దు.

రాకపోతే? విశాఖలోనే కావాలని పట్టుబట్టకు. కాకినాడ రంగరాయ ఉంది, గుంటూరు, కర్నూలు, తిరుపతి ఉన్నాయి. ఆలిండియా కోటాలో ఒడిశాలోని బరంపురం కాలేజీ కూడా చూడు. రైల్లో కొన్ని గంటల ప్రయాణం, ఊళ్లో తెలుగువాళ్లు బోలెడంత మంది. మన పిల్లలు చెన్నై, ఢిల్లీ వైపు చూస్తారు గానీ ఆ పక్క చూడరెందుకో. ఇంకో మాట. 2025 జనవరిలో సుప్రీంకోర్టు పీజీ మెడికల్ సీట్లలో నివాసం ఆధారంగా ఇచ్చే రిజర్వేషన్ చెల్లదని చెప్పింది. అందుకని అక్కయ్యల కాలం నాటి లోకల్ కటాఫ్‌లు పట్టుకొని లెక్కలు వేయకు. నువ్వు కౌన్సెలింగ్‌కు వెళ్లే ఏడాది ప్రాస్పెక్టస్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువు.

ప్రైవేటు కాలేజీ, డీమ్డ్, డీఎన్‌బీ. ఇక్కడే జాగ్రత్త కావాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019–21 నాటిది, ఆంధ్రప్రదేశ్‌లో కానుపుల్లో 42.4 శాతం సిజేరియన్లని చెప్పింది. దేశమంతా కలిపి చూస్తే 21.5. ప్రైవేటు ఆస్పత్రుల్లో ఇది ఇంకా ఎక్కువ. అమ్మలు ఎందుకు ఆపరేషన్ అడుగుతున్నారు, డాక్టర్లు ఎందుకు ఒప్పుకుంటున్నారు అన్నది ఇంకో ఉత్తరానికి వదిలేద్దాం. నీకు సంబంధించిన సంగతి ఒక్కటే. సగం పైగా కానుపులు కత్తితోనే జరిగే చోట చేరితే కత్తి పట్టడం బాగా వస్తుంది. వాక్యూమ్ ఎప్పుడు పెట్టాలో, ఫోర్సెప్స్ ఎలా పట్టాలో, ఎదురుకాళ్ల బిడ్డను ఎలా అందుకోవాలో, ఇంకో గంట ఆగితే మామూలుగా అయిపోతుందని ఎలా పసిగట్టాలో రాదు. ఓపిక కూడా నేర్చుకోవలసిన విద్యే మన బ్రాంచ్‌లో.

నేను చదువయ్యాక కొన్నాళ్లు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో పనిచేశాను, పేరు అనవసరం. అక్కడి పీజీలు కేస్‌షీట్లు రాసేవాళ్లు, స్కాన్ రిపోర్టులు మోసేవాళ్లు, ఆపరేషన్‌లో రిట్రాక్టర్ పట్టుకునేవాళ్లు. పేషెంటు ఫలానా మేడమ్ గారి దగ్గరకే వచ్చింది కాబట్టి కానుపు ఆ మేడమ్ గారే చేయాలి. మూడో ఏడాది పూర్తిచేసిన ఒకమ్మాయి నా దగ్గరకొచ్చి, ఒంటరిగా సిజేరియన్ చేయాలంటే చేతులు వణుకుతున్నాయని ఏడ్చింది. తప్పు ఆ పిల్లది కాదు. అలాగని డీఎన్‌బీ అంటేనే ఇంతేనని అనుకోకు. మంచి చోట చేస్తే అది ఎండీ, ఎంఎస్ డిగ్రీలకు ఏమాత్రం తీసిపోదు, చట్టప్రకారం సమానమే. ఎగ్జిట్ పరీక్ష కఠినమన్న పేరు కూడా ఊరికే రాలేదు. ఉచితంగా లేదా తక్కువ ఖర్చుతో చూసే జనరల్ బెడ్లు ఉన్న ఆస్పత్రి అయితే, నెలకు వందల్లో కానుపులు ఉంటే, కళ్లు మూసుకొని చేరొచ్చు.

అందుకని సీటు పెట్టుకునేముందు ఇవి తెలుసుకో. నెలకు ఎన్ని కానుపులు, వాటిని ఎంతమంది పీజీలు పంచుకుంటారు. మొదటి సిజేరియన్ ఏ ఏడాదిలో చేయనిస్తారు, పక్కన ఎవరుంటారు. రాత్రి రెండింటికి అనస్తీషియా డాక్టరు బిల్డింగులో ఉంటారా, ఫోను చేస్తే ఇంటి నుంచి రావాలా. రక్తం ఎంతసేపట్లో వస్తుంది. బిడ్డ నెల తక్కువదైతే ఎన్ఐసీయూ (పసికందుల ఐసీయూ) పక్కనే ఉందా, వేరే ఆస్పత్రికి పంపిస్తారా. పీజీల చేతికి స్కాన్ ప్రోబ్ ఇస్తారా. స్టైపెండ్ బ్యాంకులో పడుతుందా, పడి మళ్లీ వెనక్కి అడుగుతారా. కోర్సు మధ్యలో మూడు నెలల జిల్లా రెసిడెన్సీ తప్పనిసరి అని నీకు తెలిసే ఉంటుంది, ఆ మూడు నెలలూ ఎక్కడికి పంపుతున్నారు. చిన్న జిల్లా ఆస్పత్రికి పంపిస్తే సంతోషించు. సొంత చేతులతో ఎక్కువ చేసేది అక్కడే.

డిప్లొమా వదులుకున్నందుకు నిన్ను మెచ్చుకోవాలో కోప్పడాలో తెలియడం లేదు. ఫార్మకాలజీ వద్దన్నావు, సరే, లేబర్ రూమ్ కోరుకున్నదానికి అది నిజంగానే శిక్ష. డీఎన్‌బీ నడిపే జాతీయ బోర్డే (ఎన్‌బీఈఎంఎస్) ఇచ్చే రెండేళ్ల గైనిక్ డిప్లొమా అలా కాదు. దానితో గైనకాలజిస్టుగా ప్రాక్టీసు చేయొచ్చు, తర్వాత డిప్లొమా చేసినవాళ్లకు పెట్టే పీడీసెట్ రాసి ఇంకో రెండేళ్లు డీఎన్‌బీ కూడా చేయొచ్చు. గైనిక్ క్యాన్సర్, సంతాన సాఫల్యం లాంటి సూపర్ స్పెషాలిటీలు చేయాలని ఉంటే డిప్లొమా ఒక్కటే సరిపోదు, ఎంఎస్ గానీ డీఎన్‌బీ గానీ ఉండాలి. అవేవీ వద్దు, ఊళ్లో మంచి కానుపులు చేసే డాక్టరునైతే చాలు అనుకుంటే, ఈసారి మంచి ఆస్పత్రిలో డిప్లొమా వస్తే పైన చెప్పిన ప్రశ్నలు అక్కడా అడిగి చూడు. జవాబులు బాగుంటే వదలకు. డిప్లొమా అన్న పేరుకే చిన్నచూపు చూస్తే ఈ ఏడాది కూడా అలాగే పోతుంది.

కౌన్సెలింగ్‌లో ఒక్క హెచ్చరిక. ఎంసీసీలో మొదటి రౌండులో వచ్చిన సీటు నచ్చకపోతే నష్టం లేకుండా వదిలేయొచ్చు. రెండో రౌండు నుంచి డిపాజిట్ పోతుంది, మూడో రౌండులో చేరితే ఇక రాజీనామా కుదరదు. డీమ్డ్‌కి ఆప్షన్ పెడితే ఆ డిపాజిట్ లక్షల్లో ఉంటుంది. సరదాకి పెట్టిన ఆప్షన్ మెడకు చుట్టుకున్న కథలు చాలా ఉన్నాయి. చేరేదాకా వెళ్లే ఉద్దేశం లేని సీటును జాబితాలో పెట్టకు. ఒక సీట్లో చేరాక ఐఎన్ఐ సెట్‌లో ఇంకోటి వస్తే వదలడానికి ఏమేం షరతులో, బాండ్ ఎంతో చేరిన రోజే అడిగి కాగితం మీద రాసిపెట్టుకో.

అమ్మగారితో నా మాటగా చెప్పు. పెళ్లి చేసుకోవడం, చేసుకోకపోవడం పిల్ల ఇష్టం, చదువుకు అదేమీ అడ్డం కాదు. పీజీలో ఉండగా పెళ్లయినవాళ్లు, బిడ్డను కన్నవాళ్లు మా బ్యాచ్‌లోనే ఉన్నారు. ప్రసూతి సెలవు ఉంటుంది, ఆ మేరకు కోర్సు సాగుతుంది, అంతే. సంబంధం చూసేటప్పుడు మాత్రం అబ్బాయి ఉద్యోగం, ఆస్తి అడిగినట్టే, అర్ధరాత్రి ఫోను మోగితే భార్య లేచి వెళ్లిపోతుంది, ఫర్వాలేదా అని కూడా అడగమను. మా అత్తగారు ఆ ఒక్క విషయంలో దేవత. నేను తిరిగొచ్చేసరికి ఫ్లాస్కులో కాఫీ ఉండేది.

ఈ శనివారం పొద్దున్నే ఒక పని చేయి. పుస్తకాలు మూసేసి గాజువాకలో బస్సెక్కి జగదాంబ దగ్గర దిగు. కేజీహెచ్‌లో ప్రసూతి వార్డు వైపు వెళ్లు. తర్వాత ఘోషాస్పత్రికి. మర్నాడు నీ దృష్టిలో ఉన్న ప్రైవేటు కాలేజీకి, డీఎన్‌బీ ఆస్పత్రికి. ప్రొఫెసర్‌ని అడగకు, ఆవిడ అంతా బాగుందనే చెప్తారు. రాత్రి డ్యూటీ దిగి టీకి వచ్చిన సెకండియర్ పీజీని పట్టుకో. నిద్రలేక విసుక్కుంటే నొచ్చుకోకు. టీ అయ్యేదాకా ఆగి, మీ చేత్తో ఇప్పటిదాకా ఎన్ని కానుపులు చేశారక్కా అని అడుగు.